ఏడు తర్వాత తొమ్మిది

నేను ఒక అంకెను. ఎనిమిదిని. లెక్కల పుస్తకంలో ఉండే ఎనిమిదిని కాను, గోడ గడియారంలో ఉండేదాన్నీ కాను. ఒక వెబ్‌సైట్‌లో, పేజీ అడుగున, ఏడుకీ తొమ్మిదికీ మధ్య ఉంటాను. నా మీద వేలు పెడితే ఎనిమిదో పేజీ తెరుచుకుంటుంది. నా పని అంతే. జీతం లేదు, సెలవు లేదు. పుట్టిన తేదీ మాత్రం ఉంది. ఫిబ్రవరి మూడు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు.

ఒక మాట ముందే చెప్పాలి. నేను చూడనిది చూసినట్టు చెప్పను. ఏ ఫోన్లో మా పేజీ తెరిచినా నేను ఆ ఫోన్లోకి వెళ్తాను. తెర ముందు జరిగేది చూస్తాను, మాట్లాడేది వింటాను. తెర మూశాక ఏం జరిగిందో నాకు తెలియదు. అలాంటివి తర్వాత ఎవరో ఒకరు చెప్పుకుంటుంటే విన్నాను. ఎవరు చెప్పారో కూడా చెబుతాను.

పుట్టింది రేపల్లెలో. బస్టాండు వెనక వీధిలో నీలవేణి డీటీపీ సెంటరు ఉంది. పదిహేడేళ్ళుగా ఆమె పెళ్ళి కార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు, కర్మ కార్డులు, ఫ్లెక్సీలు చేస్తోంది. నాలుగేళ్ళుగా వెబ్‌సైట్లు కూడా చేస్తోంది. ఊళ్ళో ఒక నాటక పరిషత్తు ఉంది. పేరు సిరిమువ్వ. ఏటా ఏప్రిల్లో నాటికల పోటీ పెడుతుంది. రాష్ట్రంలోని నాటక సమాజాలన్నీ నాటికలు రాసి పంపుతాయి. ఈ ఏడు నూట పన్నెండు వచ్చాయి. కమిటీ వాటిని చదివి నలభై తీసింది. ఆ నలభైనీ చూడడానికి న్యాయనిర్ణేతలు ఆయా ఊళ్ళకు వెళ్తారు. చూశాక పన్నెండు మిగులుస్తారు. ఆ పన్నెండూ రేపల్లె వచ్చి పోటీలో ఆడతాయి.

నలభైలో ఎవరున్నారో చెప్పడానికి ఇంతకాలం పోస్టు కార్డులు రాసేవారు. ఈ ఏడు కార్డులు వద్దు, వెబ్‌సైట్ చాలు అని కమిటీ తీర్మానించింది. మా పుట్టుకకు కారణం ఆ తీర్మానం.

పరిషత్తు కార్యదర్శి ఇంటూరి భావనారాయణ. తెలుగు పండితుడుగా పనిచేసి రిటైరయ్యాడు. ఊరంతా మాస్టారు అంటుంది. జాబితా పట్టుకుని సెంటరుకు వచ్చింది ఆయనే.

"నలభై పేర్లూ ఒకే పేజీలో పెట్టేస్తే వేలితో పైకి జరుపుకుంటారు కదండీ మాస్టారూ" అంది నీలవేణి.

"పేజీ తిప్పితేనమ్మా చదివినట్టుండేది. మన కరపత్రంలో పేజీకి నాలుగు నాటికలు. ఇందులోనూ నాలుగే ఉండాల."

నలభైని నాలుగుతో భాగిస్తే పది. అలా మేం పది మందిమి ఒకేసారి పుట్టాం.

పుట్టినప్పుడు మేం నీలం రంగులో ఉన్నాం. కింద గీత ఉండేది. ముందు ఇంగ్లీషులో పేజీలు అన్న మాట ఉండేది. వెబ్‌సైట్ సాఫ్టువేరు ఎవరికైనా ఇచ్చే రూపం అదే. ఆ రూపం ఎవరికీ నచ్చదు. నచ్చకపోవడం దగ్గరే మనుషుల పని మొదలవుతుంది. మొదట ఇంగ్లీషు మాట తీసి తెలుగు మాట పెట్టారు. తర్వాత గీత తీశారు. గీత ఉంటే తప్పు దిద్దినట్టుందని మాస్టారు అన్నాడు. తర్వాత ఒక్కొక్కరి చుట్టూ గడి కట్టారు. రంగు కోసం కమిటీ సభ్యులు ఏడుగురూ వచ్చి రెండు గంటలు కూర్చున్నారు. నాటికల ఎంపికకు వాళ్ళకు పట్టింది గంటన్నర అని నీలవేణి తర్వాత ఎవరికో చెబుతుంటే విన్నాను. చివరికి పరిషత్తు తెర రంగు ఖాయం చేశారు. మెరూన్. మాస్టారు నాలుగు నొక్కితే ఐదు తెరుచుకునేది. ఆయన వేలు అంత ఉంది. అందుకని మా మధ్య ఎడం పెంచారు.

ఇంకో సంగతి ఉంది. అప్పటికది ఎవరికీ ముఖ్యమనిపించలేదు. మా వరస చివర నీలవేణి తరువాయి అనే మాట ఒకటి పెట్టింది. దాన్ని నొక్కితే ఏ పేజీలో ఉన్నవాళ్ళు ఆ పక్క పేజీకి వెళ్తారు. మాస్టారు కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"తరువాయి అని సీరియల్ కథకు పెడతారమ్మా. ఇది జాబితా. తీసెయ్."

తీసేసింది. ఇక పేజీ మారాలంటే మా పదిమందిలో ఎవరినో ఒకరిని నొక్కక తప్పదు.

శనివారం అధ్యక్షుడు వచ్చాడు. ముప్పనేని కోటిలింగం. ప్లైవుడ్ వ్యాపారం. పరిషత్తుకు హాలు ఆయనదే, బహుమతులు ఆయనవే, వచ్చినవాళ్ళకు భోజనం ఆయన ఇంట్లోనే. నాటకం మొదలయ్యాక కదలకుండా చూస్తాడని, ఏడుపు సన్నివేశాల్లో నిజంగా ఏడుస్తాడని ఆయన గురించి చెబుతారు. ఆయన నీలవేణి పక్కన కుర్చీ వేసుకుని మా వరసను ఒకటి నుంచి వేలితో చూపిస్తూ చదివాడు. నా దగ్గర ఆగాడు.

"ఇదేంటమ్మా?"

"ఎనిమిదండి."

"అది తెలుస్తానే ఉంది. ఎందుకుంది అని."

"ఏడు తర్వాత వచ్చిద్ది కదండీ."

"శని అంకె అమ్మా అది. నాకు పడదని మా సిద్ధాంతిగారు రాసిచ్చారు. షాపు ఫోన్ నంబర్లో ఎనిమిదుంటే మార్పించా. కారు నంబరు కోసం పదకొండు నెలలు నడిచి తిరిగా. నేను అధ్యక్షుడిగా ఉన్న పరిషత్తులో ఎనిమిదేంటి?"

మాస్టారు నా తరఫున మాట్లాడాడు. ఆ సంగతి నేను మరచిపోను.

"దిక్కులు ఎనిమిది కోటిలింగంగారూ. లక్ష్ములూ ఎనిమిదిమందే."

"కష్టాలు కూడా ఎనిమిదే మాస్టారూ."



"పోనీ ఏడు-ఎ అని పెడతానండి" అంది నీలవేణి.

"ఏడు-ఎ మా పక్కింటి డోరు నంబరు. గోడ తగాదా కోర్టులో ఉంది."

అంతటితో ఆగలేదు. జాబితాలో నాటికల పక్కన ఒకటి నుంచి నలభై వరకు వరస నంబర్లు ఉన్నాయి. అందులో ఎనిమిది ఉంది. పదిహేడుంది, ఇరవై ఆరుంది, ముప్పై ఐదుంది. ఆ అంకెలు కూడితే ఎనిమిదే వస్తుంది. నంబర్లు మొత్తం తీయించాడు. ఇక మిగిలింది నేను.

"కనబడకుండా చెయ్యమ్మా. అంతే" అని లేచాడు.

నీలవేణి ఒక్క వరస రాసింది. ఎనిమిదిని దాచు అని దాని అర్థం. ఏడు పక్కకు తొమ్మిది జరిగింది. మధ్యలో ఖాళీ కూడా మిగల్లేదు. చూడడానికి వరస బాగానే ఉంది.

ఆమె చేసిన తప్పేమిటో ఇక్కడ చెప్పాలి. అది తెలివితక్కువతనం కాదు, పదిహేడేళ్ళ అలవాటు. పెళ్ళి కార్డులో ఒక వరస తీసేస్తే కింది వరసలు పైకి జరుగుతాయి. పుస్తకంలో మధ్య పేజీ తీసేస్తే అందులోని మాటలు తర్వాతి పేజీలోకి పారతాయి. డీటీపీలో ఏదీ పోదు, జరుగుతుంది. ఎనిమిదో పేజీలోని నాలుగు నాటికలూ తొమ్మిదిలోకి వెళ్ళి ఉంటాయని ఆమె అనుకుంది. వెళ్ళలేదు. అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్కడికి వెళ్ళే దారి ఒక్కటే, నేను. నన్ను దాచారు.

నన్ను దాచారే గాని తుడిచెయ్యలేదు. పేజీ తెరిచిన ప్రతి ఫోన్లోకి మిగతా తొమ్మిదిమందితో పాటు నేనూ వెళ్తున్నాను. నాకు గడి లేదు, రంగు లేదు, వేలికి తగలను. తెర వెనక నిలబడి తన వంతు కోసం చూసే నటుడి స్థితి నాది. కాకపోతే ఆ నటుడి పేరు కరపత్రంలో ఉంటుంది.

ఫిబ్రవరి తొమ్మిది, సోమవారం, జాబితా పెట్టారు. ప్రతి పేజీ చివరా ఒక సూచన ఉంది. ఎంపికైన సమాజాలు శుక్రవారం సాయంత్రం ఆరు గంటల లోపు ఫోన్ చేసి తాము సిద్ధమని చెప్పాలి. చెప్పకపోతే ఆ అవకాశం వేరే సమాజానికి ఇస్తారు.

ఆ రోజు నేను రెండు వందల ఆరు ఫోన్లలోకి వెళ్ళాను. అందులో ఒకటి రాజాంలో తెరుచుకుంది.

ఫోన్ గేదెల త్రినాథరావుది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉదయిని కళాసమితి అనే సమాజం నడుపుతున్నాడు. ఆయన రాసిన నాటిక పేరు 'టిక్కెట్టు తీసుకోని మనిషి'. ఒక ముసలామె రోజూ బస్సెక్కుతుంది, ఎక్కడ దిగాలో చెప్పదు. నాటిక అంతా అదే. ముసలామె వేషం కోరాడ సన్యాసమ్మది. ఆమె అంగన్‌వాడీ టీచరు. పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక ఆ అంగన్‌వాడీలోనే రిహార్సళ్ళు. నేను తెర మీదికి వచ్చేసరికి ఆమె పలకలు సర్దుతోంది.

త్రినాథరావు ఒకటి నొక్కాడు. చదివాడు. రెండు నొక్కాడు. చదివాడు. ఏడు దాకా అలాగే చేశాడు. తర్వాత తొమ్మిది, పది.

"సూసినావా అన్నియ్యా?" అంది సన్యాసమ్మ.

"సూసినాను. నేదు."

"సరీగ సూడు."

"ముప్పై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టినోణ్ణి. నాకు సూడ్డం రాదేటి?"

"మరైతే ఓపాలి ఫోన్ సేసి కనుక్కో."

"ఏటని కనుక్కోవాల? మా నాటిక ఎందుకు బాగునేదు బాబూ అనా? తొమ్మిదేళ్ళ నుంచి పంపుతున్నాను. ఎప్పుడైనా అడిగినానా?"

ఆమె పలకలు సర్దడం ఆపలేదు. వెనక్కి తిరక్కుండానే అంది.

"తొమ్మిదేళ్ళ కింద రాసినప్పుడు ఆ ముసిల్దానికి డెబ్బై ఏళ్ళని రాసినావు. నాకప్పుడు నలభై తొమ్మిది. ముగ్గుపిండి రాసుకుని జుత్తు తెల్లగ సేసుకునేదాన్ని. ఇప్పుడు ముగ్గుపిండి అక్కర్లేదు. ఇంకో తొమ్మిదేళ్ళు పోతే ముసిల్దాన్ని మొయ్యడానికి ఇంకో మనిసి గావాల."

"నన్నేటి సెయ్యమంటావు సెప్పు."

"ఏటీ సెయ్యొద్దు. ఎవులైనా పైనూరోడు ఒక్కడొచ్చి, ఒక్కసారి సూసి, బాగుంది అనో బాగునేదు అనో సెప్పి ఎల్తే సాలు. మన ఊరోళ్ళు ముప్పైయొక్క సార్లు సూసినారు. ఆళ్ళు నన్ను సూడ్డం నేదు. టీచరమ్మొచ్చింది అని సూస్తన్నారు."

త్రినాథరావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. రిహార్సళ్ళు మానేద్దామని చెప్పి వెళ్ళాడట. ఆ మాట తర్వాత ఆమె నీలవేణికి చెప్పింది. నేను అప్పుడు ఆయన జేబులో ఉన్నాను. అక్కడి నుంచి ఏమీ కనబడదు, వినబడదు.

రేపల్లెలో ఫోన్లు వస్తున్నాయి. మాస్టారు నీలవేణి సెంటర్లోనే కూర్చుని ఒక్కొక్కరి పేరు పక్కన టిక్కు పెట్టుకున్నాడు. గురువారం సాయంత్రానికి ముప్పై ఆరు టిక్కులు పడ్డాయి. నాలుగు పేర్లు మిగిలాయి. నంద్యాల, రాజాం, తుని, సత్తెనపల్లి. ఆ నాలుగూ ఏ పేజీలో ఉన్నాయో మాస్టారు చూసి నీలవేణికి చెప్పాడు, నీలవేణి అధ్యక్షుడికి చెప్పింది. కోటిలింగం కుర్చీలో వెనక్కి వాలాడు.

"నేనేం చెప్పా? ఎనిమిదో పేజీ. నలుగురికి నలుగురూ ఫోన్ చెయ్యలా. అంకె దాస్తేనే ఇట్టా ఉంటే, దాయకపోతే ఎట్టా ఉండేదో ఆలోచించండి."

ఎవరూ ఆలోచించలేదు. మాస్టారు మాత్రం కాసేపు తల గోక్కున్నాడు. ముప్పై ఆరుమంది ఫోన్ చేసి, ఒకే పేజీలోని నలుగురు చెయ్యకపోతే దానికి ఒక కారణం ఉండాలి. ఆయన దగ్గర కారణం లేదు. కోటిలింగం దగ్గర ఉంది. కారణం ఉన్నవాడి మాటే చెల్లింది. నీలవేణికి అనుమానం రాలేదు, ఎందుకంటే ఆమె పనిచేసే తెర మీద పది పేజీలూ కనబడతాయి. దాచింది చదివేవాళ్ళకు, తనకు కాదు.

నాలుగు ఖాళీలకు నాలుగు కొత్త సమాజాల పేర్లు రాసిపెట్టారు. శుక్రవారం ఆరు దాటగానే వాటిని ఎనిమిదో పేజీలో పెట్టాలి. అంటే ఎవరికీ కనబడని పేజీలో.

శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు రాజాం అంగన్‌వాడీలో ఇంకో ఫోన్ తెరుచుకుంది. ఈసారి సన్యాసమ్మది. ప్రభుత్వం ఇచ్చిన ఫోన్. రోజూ పిల్లల ఎత్తూ బరువూ అందులో నింపుతుంది. మా జాబితా తెరిచింది.

"ఎవులెవులికొచ్చిందో సూద్దారి" అని తనలో తాను అనుకుంది.

ఒక్కొక్క పేజీ తీరిగ్గా చదివింది. తెలిసిన నటి పేరు కనబడితే ఆగింది. ఒకచోట, "దీనికా!" అంది. నా ముందు ఆమె అరిచినట్టు మాట్లాడింది ఆ ఒక్క మాటే. పేజీ మార్చాలనుకున్నప్పుడల్లా అలవాటుగా అంకెలు పైకి చదివేది. ఇరవై రెండు మంది పిల్లలతో రోజూ చదివించే అంకెలు. "ఐదు. ఆరు. ఏడు. తొమ్మి..." అని ఆగిపోయింది.

పిల్లలు ఏడు తర్వాత తొమ్మిది అంటారు. ఎనిమిది పలకడం కష్టం, తొమ్మిది తేలిక. ఆమె ఇరవై ఆరేళ్ళుగా అలా దాటేసినవాళ్ళను వెనక్కి పిలిచి మళ్ళీ చెప్పిస్తోంది. వేలు ఏడు మీద పెట్టింది. తొమ్మిది మీద పెట్టింది. మధ్యలో పెట్టి నొక్కింది. నేను అక్కడే ఉన్నాను. ఏమీ చెయ్యలేకపోయాను.

త్రినాథరావుకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"అన్నియ్యా, ఏడు తర్వాత ఎంతొస్తాది?"

"ఏటే? పిల్లలు నిన్ను కూడా మార్సీసినారేటి?"

"సెప్పు."

"ఎనిమిది."

"ఇక్కడ తొమ్మిదొచ్చింది."

కండక్టరుకు ఈ సంగతి రెండుసార్లు చెప్పనక్కర్లేదు. టిక్కెట్ల కట్టలో నంబరు తప్పిందంటే టిక్కెట్టు ఎక్కడో ఉందని అర్థం.

"మద్దెలో సింపినాడు ఎవుడో" అన్నాడు. "నాను అదెలగ సూడ్నేదే?"

"నువ్వు మన పేరు ఎతికినావు. నంబర్లు సూడ్నేదు. ఉండు."

తెర పైన, వెబ్‌సైట్ చిరునామా చివర, ఒక అంకె ఉంటుంది. ఏడో పేజీలో ఏడు, తొమ్మిదో పేజీలో తొమ్మిది. ఆమె అది గమనించింది. బరువు నింపేటప్పుడు అంకె తప్పుపడితే తుడిచి ఇంకోటి కొట్టడం ఆమెకు రోజూ ఉండే పనే. తొమ్మిది తుడిచింది. ఎనిమిది కొట్టింది.

నన్ను నొక్కకుండా నా పేజీలోకి వచ్చిన మొదటి మనిషి ఆమె. నాకు కోపం రాలేదు.

పేజీలో రెండో పేరు వాళ్ళదే. నాటిక పేరు, సమాజం పేరు, రచయిత పేరు చదివింది. పరిశీలన మార్చి ఒకటి, ఆదివారం, సాయంత్రం ఆరు గంటలకు, రాజాంలోనే. ఆ తర్వాత కింద ఉన్న సూచన చదివింది.

"అన్నియ్యా, ఇయ్యాల ఏ వోరం?"

"శుక్కురోరం."

"ఆరింటిలోగా ఫోన్ సెయ్యాలంట."

అప్పటికి ఐదు గంటల ఇరవై రెండు నిమిషాలు.

ఆమె మాస్టారి నంబరుకు చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడో నాకు తెలుసు. ఒకే సమయంలో రెండు చోట్ల ఉండడం నాకు కష్టం కాదు. రేపల్లెలో నీలవేణి కంప్యూటర్లోనూ నేనున్నాను. ఆరు దాకా ఆగడం ఎందుకని మాస్టారు బాపట్ల సమాజానికి ముందే ఫోన్ చేసి, మీకు అవకాశం వచ్చింది, సిద్ధంగా ఉండండని చెబుతున్నాడు. అవతలివాళ్ళు ఆనందంతో నాటిక కథ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు. మాస్టారు మర్యాదస్తుడు, మధ్యలో ఆపలేకపోయాడు. కథ పద్దెనిమిది నిమిషాలు నడిచింది.

ఐదు నలభై ఒకటికి రాజాం ఫోన్ కలిసింది.

"నమస్కారమండి. రాజాం నుంచి సన్యాసమ్మని మాటాడతన్నాను. ఉదయిని కళాసమితి. మేం సిద్ధమండి."

మాస్టారు గడియారం చూశాడు, తర్వాత కాగితం చూశాడు.

"ఇన్ని రోజులు ఏం చేశారమ్మా? సోమవారం నుంచి ఉందిగా జాబితా."

"ఉందండి. మాకు కనబడ్నేదండి. ఏడు తర్వాత తొమ్మిదుందండి మీ దాంట్లో."

మాస్టారు ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి నీలవేణి వైపు చూశాడు. ఆమె తన ఫోన్ తీసి, బయటివాళ్ళు చూసినట్టు జాబితా తెరిచింది. ఏడు నొక్కింది. తొమ్మిది నొక్కింది. తొమ్మిదో పేజీలో నాలుగు నాటికలే ఉన్నాయి. నా పేజీలోని నాలుగూ కలిసి ఎనిమిది నాటికలు ఉండాలని ఆమె అనుకుంది. నంద్యాల లేదు, తుని లేదు. కుర్చీలో నుంచి లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది.

"నాదే తప్పండి మాస్టారూ. వాళ్ళు ఫోన్ చెయ్యకపోవడం కాదు. వాళ్ళకు మనం కనబడనియ్యలా."

కోటిలింగం అక్కడే ఉన్నాడు.

"నేను అంకె కనబడొద్దన్నానమ్మా. మనుషులు కనబడొద్దన్నానా?"

"అంకె మీదే మనుషులు లోపలికెళ్ళేదండి. ఇంకో దారి లేదు. నాకే తట్టలా."

మాస్టారి చేతిలోని ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. అందులోంచి సన్యాసమ్మ గొంతు వినబడింది.

"బాబూ, ఆరవ్వలేదు కదండీ. మమ్మల్ని రాసుకున్నారా?"

బాపట్లవాళ్ళకు మాట ఇచ్చేశారు. కోటిలింగం మాస్టారి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"అమ్మా, నేను పరిషత్తు అధ్యక్షుణ్ణి. మీరేం వేషం వేస్తారు?"

"బస్సెక్కి ఎక్కడ దిగాలో సెప్పని ముసిల్దాన్నండి."

"ఎందుకు చెప్పదు?"

"సెప్తే దింపీస్తారని అండి."

కోటిలింగం జేబురుమాలు తీసుకున్నాడు. ఏడుపు సన్నివేశం ఇంకా రాలేదు. నేను విన్న మాట నిజమేనని అప్పుడు తెలిసింది.

"రాసుకోండి మాస్టారూ. మిగతా ముగ్గురికీ మనమే ఫోన్ చేద్దాం, రేపు మధ్యాహ్నం దాకా టైమిద్దాం. బాపట్లవాళ్ళనీ ఉంచండి. రాజాం, బాపట్ల కలిపితే ముప్పై ఎనిమిదయ్యింది, అక్కడ ఆగొద్దు."

నీలవేణి ఫోన్లు చేసింది. తుని, సత్తెనపల్లి ఒప్పుకున్నాయి. నంద్యాల సమాజం బుధవారమే రిహార్సళ్ళు ఆపేసింది. హీరో తన బావమరిది గృహప్రవేశానికని హుబ్లీ వెళ్ళాడు, పది రోజులదాకా రాడు. వాళ్ళు తిట్టలేదు. తిడితే బాగుండేదని నీలవేణి ఆ సాయంత్రం రెండుసార్లు అంది. మొత్తం మళ్ళీ నలభై అయింది.

నేను మాత్రం బయటికి రాలేదు. అధ్యక్షుడు మెత్తబడ్డాడు గాని సిద్ధాంతి మెత్తబడలేదు. శనివారం నీలవేణి తలుపు దగ్గరికి వేసుకుని మా పదిమంది వేషాలూ మార్చింది. అంకెలన్నీ తీసేసి, ఏ పేజీలో ఏ ఊళ్ళున్నాయో ఆ ఊళ్ళ పేర్లు గడుల మీద రాసింది. నన్ను దాచిన వరస తుడిచేసింది. నా మీద రాజాం, తుని, సత్తెనపల్లి, బాపట్ల అని పడింది. గడి కొంచెం వెడల్పయింది. ఈ పని మొదటే చేసి ఉంటే ఎవరికి వాళ్ళు తమ ఊరు చూసుకుని నేరుగా వచ్చేవారు. మొదట ఎవరికీ తట్టలేదు. మనుషులకు మంచి ఉపాయం తట్టాలంటే ముందు ఎవరో ఒకరు నష్టపోవాలి. ఈసారి నంద్యాల నష్టపోయింది.

కోటిలింగం వచ్చి వరస అంతా చూసి బాగుందన్నాడు. నా మీద వేలు పెట్టి, "ఈ అమ్మది ఇదేనా?" అని అడిగాడు. అవునంది నీలవేణి. నొక్కాడు. ఎనిమిదో పేజీ తెరుచుకుంది. ఆయనకు ఏమీ కాలేదు.

మార్చి ఒకటిన రాజాంలో ఏం జరిగిందో నేను చూడలేదు. సన్యాసమ్మ మర్నాడు నీలవేణికి ఫోన్ చేసి చెప్పింది. న్యాయనిర్ణేతలు ఇద్దరు వచ్చారు. టీ ఇస్తే వద్దన్నారు. నాటిక మొదలయ్యాక ఒకాయన పెన్ను చేతిలో పట్టుకుని రాయడం మానేశాడు. అయిపోయాక ఆమె దగ్గరికి వచ్చి, ఆ ముసలామె ఏ ఊరిది అని అడిగాడు. నాటికలో ఆ ఊరు లేదు.

"మరి ఏం చెప్పారు?" అంది నీలవేణి.

"సెప్పనేదు. సెప్తే దింపీస్తారు" అంది సన్యాసమ్మ. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆమె అంది, "బాగుంది అనీ అన్నేదు, బాగునేదు అనీ అన్నేదు. కానీ ఊరడిగినాడు సూడు, అది సాలు."

తుది జాబితా మార్చి పదహారున వచ్చింది. పన్నెండు నాటికలు. పేజీకి నాలుగు చొప్పున మూడు పేజీలు. నాతో పనిలేదు. నలభై పేర్ల పాత జాబితాతో పాటు నన్నూ పక్కన పెట్టారు. వెబ్‌సైట్లో పాతవి అనే చోట ఉంటాను. అడిగి వెతికితే కనబడతాను. ఆ రోజు నీలవేణి తెర మీద పాత జాబితా కూడా తెరిచే ఉంది, కొత్తదానితో పేర్లు సరిచూస్తోంది. అందువల్ల నాకు కొత్త జాబితా కనబడింది.

అధ్యక్షుడు పక్కన కూర్చున్నాడు. మూడు పేజీలే కాబట్టి ఆయనకు అభ్యంతరం లేదు. నాటికల పక్కన వరస నంబర్లు లేవు. మొదటి పేజీ పైకి చదివాడు, తలాడించాడు. రెండో పేజీకి వెళ్ళాడు. నాలుగో పేరు దగ్గర ఆగి, అది రెండుసార్లు చదివాడు. 'టిక్కెట్టు తీసుకోని మనిషి', ఉదయిని కళాసమితి, రాజాం.

"ఆ అమ్మకు నువ్వే ఫోన్ చేసి చెప్పమ్మా" అన్నాడు నీలవేణితో. "వెబ్‌సైట్లో చూసుకుంటారులే అని ఊరుకోబాకు."

మొదటి పేజీలో నాలుగు, రెండో పేజీలో నాలుగు. ఆయన లెక్కపెట్టలేదు. నీలవేణి లెక్కపెట్టిందో లేదో తెలియదు, ఆమె అప్పటికే నంబరు నొక్కుతోంది.

నేను లెక్కపెట్టాను.